పేరు ముందు వదిలిన చోటు

నిస్సార్ పోగొట్టుకున్నది ఒక్క మంగళవారమేనని మొదట అందరూ అనుకున్నారు.

ఆ మంగళవారం సంగతి కూడా అతనికి ఇతరులు చెప్పగా తెలిసిందే. పొద్దున తొమ్మిదింటికి ఎప్పటిలాగే తిరువూరు మెయిన్ రోడ్డులో బ్రహ్మయ్యగారి స్టీలు సామాన్ల కొట్టు ముందు, టార్పాలిన్ పట్టా నీడలో, పీట వేసుకుని కూర్చున్నాడట. ఇరవై ఎనిమిదేళ్లుగా అతని చోటు అదే. కొట్లో ఎవరు గిన్నె కొన్నా, బిందె కొన్నా, దాని మీద పేరు కొట్టేది అతనే. మొదట్లో ఉలీ సుత్తీ పట్టుకుని చుక్క చుక్కగా కొట్టేవాడు. తర్వాత కరెంటు మిషను వచ్చింది. పెళ్లి సామాను మీద పెళ్లికూతురి పేరు, గృహప్రవేశం గిన్నెల మీద ఇంటాయన పేరు, పోయినవాళ్ల జ్ఞాపకంగా బంధువులకు పంచే డబ్బాల మీద ఆ పోయినవాళ్ల పేరు. ఎ.కొండూరు నుంచి గంపలగూడెం దాకా ఏ వంటింట్లో గిన్నె తిప్పి చూసినా అతని చేతిరాత కనిపిస్తుంది.

పనిలో అతనికొక పద్ధతి ఉంది. పేరు కాగితం మీద రాసి ఇస్తే చాలదు. ఇచ్చినవాళ్లు దాన్ని ఒకసారి పైకి చదవాలి. అతను తిరిగి చెప్పాలి. అప్పుడే మిషను ఆన్ చేసేవాడు. "స్టీలు మీద పడ్డాక రబ్బరు పెట్టి తుడవలేం కదండీ" అనేవాడు. ఇన్నేళ్లలో ఒక్క పేరు తప్పు పడలేదు.

ఆ మంగళవారం పని కొట్టువాళ్లదే. అందరూ శెట్టిగారని పిలిచే బ్రహ్మయ్యగారు పోయి ఏడాది కావస్తోంది. రెండు వారాల్లో సంవత్సరీకం. బంధువులకు పంచడానికి నూట పది డబ్బాలు పక్కన పెట్టారు. ఆయన పోయాక గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్న ఆయన భార్య మహాలక్ష్మి, 'కీ.శే. బ్రహ్మయ్యగారి జ్ఞాపకార్థం, భార్య మహాలక్ష్మి' అని కాగితం మీద రాసి, నిస్సార్ పీట మీద పెట్టి, చదవకుండానే లోపలికి వెళ్లిపోయింది. నిస్సార్ కూడా చదవమని అడగలేదట.

పదకొండింటికి ఆవిడ అతనికి మజ్జిగ తెచ్చింది. బ్రహ్మయ్యగారు ఉన్నప్పుడు రోజూ ఆ వేళకు రెండు గ్లాసులు వచ్చేవి, ఒకటి ఆయనకు, ఒకటి నిస్సార్‌కు. ఇప్పుడు ఒకటే వస్తోంది. గ్లాసు కింద పెట్టి, కొట్టిన డబ్బాల్లో ఒకటి చేతిలోకి తీసుకుంది.

'కీ.శే. మహాలక్ష్మిగారి జ్ఞాపకార్థం, భర్త బ్రహ్మయ్య.'

ఇంకొకటి తీసింది. అదీ అంతే. అలా ఇరవై రెండు డబ్బాలు. ఇరవై రెండింటి మీదా ఆవిడ చచ్చిపోయింది, ఆయన బతికున్నాడు.

"ఏంటి నిస్సారూ ఇది?"

నిస్సార్ తలెత్తి నవ్వాడు. నవ్వు సగమే వచ్చింది. కుడివైపు పెదవి కిందికి జారి ఉంది. చేతిలో మిషను ఊరికే తిరుగుతోంది.

"శెట్టిగారినే అడగండి అక్కగారూ" అన్నాడు, నాలుక మడత పడుతుండగా.

ఇంకొకరైతే ఆ డబ్బా చూసి గుండెలు బాదుకునేవారే. ఆవిడకు ఒక్కటే తోచింది: ఈ మనిషి చెయ్యి తప్పు రాయదు, రాసిందంటే లోపల ఏదో అయింది. ప్లగ్గు పీకేసి కొడుకును కేకేసింది. "నాగేంద్రా, కారు తియ్యి. చొక్కా మార్చుకోకు, ఉన్నపళాన తియ్యి." రెండు గంటల్లోపే బెజవాడ ఆసుపత్రిలో ఉన్నారు.

"దీన్ని మైల్డ్ స్ట్రోక్ అంటారమ్మా" అన్నాడు డాక్టరు, నిస్సార్ భార్య జైనాబీతో. "మెదడులో ఒక సన్న నరానికి రక్తపు గడ్డ అడ్డం పడింది. పెద్దది రాకముందే తీసుకొచ్చారు. ఎవరు కనిపెట్టారు?"

"డబ్బాలు కనిపెట్టాయండి" అంది జైనాబీ. ఆ మాట డాక్టరుకు అర్థం కాలేదు. చెప్పే ఓపిక ఆమెకూ లేదు.

రెండోరోజుకు మూతి సర్దుకుంది, మాట తేటపడింది. కుడిచెయ్యి మాత్రం గ్లాసు పట్టుకుంటే జారవిడుస్తోంది. డాక్టరు మంచం పక్కన నిలబడి ఒక్కొక్కటే అడిగాడు. పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. పెళ్లయిన ఏడు చెప్పాడు.

"నిరుడు ఈ బెజవాడలో పెద్ద సంగతి ఒకటి జరిగింది. ఏంటది?"

నిస్సార్ భార్య వైపు చూశాడు. బుడమేరు పొంగి సగం ఊరు మునిగిన సంగతి అతనికి తెలియదు. పీకలోతు నీళ్లలో చిక్కుకున్న జైనాబీ తమ్ముణ్ణి పడవలో తెచ్చిన సంగతీ తెలియదు. తర్వాత అతనే అడిగాడు.

"శెట్టిగారు రాలేదేంటి?"

జైనాబీ చేతిలో బత్తాయి తొన అలాగే ఉండిపోయింది. వరదకు వారం ముందు పోయారు శెట్టిగారు. ఆ పాడె వెంట కట్టెల దాకా నడిచిన మనిషి ఇతను. మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఇప్పుడు పడుకుని, ఆయన తనను చూడ్డానికి రాలేదని నొచ్చుకుంటున్నాడు.

"రెడ్డిగూడెం వెళ్లారు" అంది. "మామిడితోట పనుందంట."

"కాపు అయిపోయాక తోటలో ఏం పనే?"

"నన్నడుగుతారేంటి? నాతో చెప్పి వెళ్లారా?"

బయటికి వచ్చి డాక్టరుకు చెప్పింది. ఆయన, ఏడాది గుర్తులు చెరిగిపోయాయి, కొన్ని తిరిగి రావచ్చు, కొన్ని రాకపోవచ్చు అన్నాడు. ఒక రెండు వారాలు బీపీ పెరగకుండా చూడమనీ, చెప్పాల్సిన సంగతి ఆ తర్వాత నెమ్మదిగా చెప్పమనీ అన్నాడు. జైనాబీ ఆ రెండు వారాలనూ గట్టిగా పట్టుకుంది. ఇంటికొచ్చాక అతని సెల్లు ఫోను బియ్యం డ్రమ్ములో దాచింది. చూడ్డానికి వచ్చినవాళ్లను గుమ్మంలోనే ఆపి చెవిలో చెప్పి పంపింది. మహాలక్ష్మికి ఫోను చేసి, "అక్కగారూ, మీరు మాత్రం రాకండి. మిమ్మల్ని చూడగానే శెట్టిగారి గురించి అడుగుతారు. మీకు అబద్ధం ఆడటం రాదు" అంది. ఆవిడ సరేనంది.

పొరపాటు ఒక్కటే జరిగింది. ఆసుపత్రికి పరుగెత్తిన రోజు కొట్లో ఎవరో హడావుడిగా జైనాబీకి పెరుగన్నం కట్టిచ్చారు. కట్టిచ్చిన డబ్బా ఆ ఇరవై రెండింటిలోది. అది వాళ్లింట్లోనే ఉండిపోయింది. జైనాబీకి చదువు రాదు.

ఇంటికొచ్చిన ఎనిమిదో రోజు పొద్దున ఆమె అందులో ఉప్మా వేసి ఇచ్చింది. నిస్సార్ ఎడంచేత్తో తింటున్నాడు. కుడిచెయ్యి డబ్బాను ఆనుకుని ఉంది. స్పర్శ కొంచెం కొంచెం తిరిగి వస్తున్న వేళ్లకు గరుకు తగిలింది. డబ్బా తిప్పి చూశాడు.

తన రాతే. తన 'క్ష్మి' తనకు తెలియదా? ఎక్కడా వణకలేదు, వంకర పోలేదు. స్టీలు మీద తన చేత్తో పడిన పేరు తప్పయ్యే వీలు లేదు.

మహాలక్ష్మిగారు పోయారు. ఎప్పుడు పోయారు? ఈ డబ్బా తనెప్పుడు కొట్టాడు? రోజూ పదకొండింటికి మజ్జిగ గ్లాసు పెట్టిన చెయ్యి కట్టెల్లోకి పోతే, ఆ పేరు ముందు 'కీ.శే.' కొట్టి, పక్క డబ్బా అందుకుని, మర్చిపోయాడా? అలాంటిదాన్ని మర్చిపోయిన మనిషి ఇంకేం మర్చిపోయాడో! ఇప్పుడన్నీ అర్థమయ్యాయి. ఆవిడ చూడ్డానికి ఎందుకు రాలేదో, శెట్టిగారు ఎందుకు రాలేదో, వానాకాలంలో మామిడితోట పని ఎక్కడిదో. తన జబ్బు చూసి అందరూ దాస్తున్నారు. ఆ పెద్దాయన అక్కడ ఒక్కడే కూర్చుని ఉంటాడు.

చావు కబురు విన్నప్పుడు అనే 'ఇన్నా లిల్లాహి' అనుకున్నాడు లోపలే. ఉప్మా అంతా తిన్నాడు. మిగిలిస్తే జైనాబీ ఎందుకని అడుగుతుంది.

ఆమె స్నానానికి వెళ్లగానే కర్ర తీసుకుని బయటపడ్డాడు. మసీదు వెనక సందులోంచి మెయిన్ రోడ్డుకు మామూలుగా ఐదు నిమిషాలు. ఆ రోజు అరగంట పట్టింది. కుడికాలి చెప్పు రెండుసార్లు ఊడింది. రెండోసారి దాన్ని అక్కడే వదిలేశాడు. గంపలగూడెం ఆటో డ్రైవరు ఒకడు "నిస్సార్ భాయ్, లేచి తిరుగుతున్నావే!" అని కేకేస్తే ఎడంచెయ్యి ఎత్తాడు. దారంతా ఒకే మాట కూడబలుక్కున్నాడు. శెట్టిగారూ, నాకు తెలీదండీ. నాకెవరూ చెప్పలేదండీ.

కొట్టు తెరిచి ఉంది. మెట్టు మీద ఎడంకాలు పెట్టి, కుడికాలిని లాక్కుని, తలెత్తాడు.

గల్లాపెట్టె దగ్గర మహాలక్ష్మి కూర్చుని ఉంది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని బిల్లు రాస్తోంది.

ఆవిడ తల వెనక గోడ మీద శెట్టిగారు ఉన్నారు. ఫోటోలో. ఫోటోకు దండ ఉంది. కింద చిన్న ఎర్రబల్బు వెలుగుతోంది.

నిస్సార్ ఆవిడ వంక చూశాడు. ఫోటో వంక చూశాడు. మళ్లీ ఆవిడ వంక. అతని చేతిలో కర్ర జారి బిందెల వరస మీద పడింది. ఆ మోతకు బజారంతా ఇటు తిరిగింది.

"నిస్సారూ!" ఆవిడ లేచి వచ్చి జబ్బ పట్టుకుంది. "ఒక్కడివే వచ్చావా? కాలి చెప్పేదీ?"

"మీరు పోయారు కదండీ" అన్నాడు.

"నేనెక్కడికి పోయాను?"

"నేనే కొట్టాను. డబ్బా మీద నేనే కొట్టాను."

అప్పటికి ఆవిడకు అర్థమైంది. స్టూలు లాగి కూర్చోబెట్టింది. అతని కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఎన్నడూ అలా పట్టుకోలేదు.

"నువ్వు తప్పు కొట్టావు నిస్సారూ. నేనున్నాను. ఆయనే పోయారు. వచ్చే మంగళవారానికి ఏడాది."

నిస్సార్ దండలో పూలు లెక్కపెడుతున్నవాడిలా ఫోటో వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇంతసేపూ ఆవిడ కోసం ఏడుస్తూ వచ్చాడు. ఆవిడ ఎదుట నిలబడి ఉంది. ఆయన్ను ఓదార్చడానికి వచ్చాడు. ఆయన లేడు. ఏ దుఃఖం ఎక్కడ పెట్టాలో తెలియని మనిషిలా ఉన్నాడు.

"నేనున్నానా?" అని అడిగాడు. "ఆయన పోయినప్పుడు నేనెక్కడున్నాను?"

"నువ్వే ఉన్నావు. నువ్వు ఒక్కడివే ఉన్నావు. నేను మజ్జిగ ఇచ్చేసి లోపలికి వెళ్లాను. నాగేంద్ర బ్యాంకులో ఉన్నాడు. ఆయన ఆఖరిసారి మాట్లాడింది నీతోనే. ఆ మాట నాకు చెప్పిందీ నువ్వే."

"ఏమన్నారు?"

"'నిస్సారూ, ఎండ నీ మీదికొస్తోంది, పట్టా కిందికి దించుకో' అన్నారు. అంతే. నువ్వు తాడు విప్పి ఇటు తిరిగేసరికి..."

అతను ఆ మాట ఒకసారి పెదాలతో అనుకుని చూశాడు. ఎవరి ఇంటి సంగతో విన్నట్టుంది. తన పక్కనే మనిషి పోయాడు, ఆ పోవడం తనకు గుర్తులేదు.

అంతలో జైనాబీ తడిజుట్టుతో, ఒక చేతిలో అతని కుడికాలి చెప్పుతో పరుగెత్తుకొచ్చింది. "నేను చచ్చేదాన్ని కదా ఇవాళ! చెప్పు రోడ్డు మధ్యలో ఉంది, మనిషి లేడు!" అని మొదలుపెట్టి, ఇద్దరి ముఖాలూ చూసి, వంగి చెప్పు అతని కాలికి తొడిగింది.

సంవత్సరీకం నాటికి డబ్బాల మీద పేర్లు లేవు. బెజవాడలో మిషను మీద అరపూటలో కొట్టించుకొస్తానన్నాడు నాగేంద్ర. మహాలక్ష్మి ఒప్పుకోలేదు. పాడైన ఇరవై రెండింటికి బదులు కొట్లోంచి వేరే తీసి, నూట పదీ ఖాళీగానే పంచింది. "పేరు తర్వాత వేయిస్తాను. ఈసారి వచ్చినప్పుడు డబ్బా తెండి" అని ఒక్కొక్కరికీ చెప్పింది. పేరు లేని డబ్బా ఎందుకిచ్చినట్టని ఆడబిడ్డలు గుసగుసలాడుకున్నారు. నిస్సార్ అరుగు మీద కుర్చీలో కూర్చుని అన్నీ విన్నాడు.

"ఆ ఇరవై రెండూ ఏం చేశారండీ?" అని అడిగాడు వాళ్లంతా వెళ్లాక.

"మీ ఇంట్లోది కూడా తెప్పించి అటక మీద పెట్టాను. నేను పోయాక పనికొస్తాయి. నీకు మళ్లీ కొట్టే పని తప్పుతుంది."

"అక్కగారూ!"

"ఊరికే అన్నాన్లే. నవ్వు. రెండువైపులా వస్తుందో లేదో చూద్దాం."

వచ్చింది.

తర్వాతి నెలలు నిదానంగా గడిచాయి. పొద్దున్నే మసీదు మలుపు దాకా నడక. ఆపైన రబ్బరు బంతి వందసార్లు పిసకాలి. వెల్లుల్లి రెబ్బలు కుడిచేత్తో వొలవాలి. బీపీ మాత్ర, రక్తం పలచన చేసే మాత్ర. ఊరగాయ జాడీని జైనాబీ పక్కింటి అంతోనమ్మ ఇంట్లో పెట్టేసింది. సాయంత్రం కాగానే పరీక్ష.

"పొద్దున ఏం తిన్నారు?"

"రోజూ అడుగుతావేంటే?"

"అడుగుతా. ఫెయిలైతే రేపు చప్పిడి కూర."

"పాసైతే?"

"చప్పిడి కూరే."

గుర్తులు వరసగా రాలేదు. మొన్నటి రంజాన్ ముందుగా గుర్తొచ్చింది, దాని ముందరి చలికాలం ఆ తర్వాత వచ్చింది. ఒకరోజు అన్నం తింటూ "మీ తమ్ముడి ఇంట్లో ఫ్రిజ్జు నీళ్లలో తేలింది కదా" అన్నాడు. జైనాబీ చెయ్యి కడుక్కోకుండానే లేచి తమ్ముడికి ఫోను చేసింది. కానీ వరదకు ముందరి వారం మాత్రం తెల్లకాగితంలా ఉండిపోయింది. అక్కడికి ఎటునుంచి నడిచినా కాలు ఆగిపోయేది. శెట్టిగారు పోయారని అతనికిప్పుడు తెలుసు. ఊళ్లో అందరికీ తెలిసినట్టే తెలుసు. దగ్గర ఉన్నవాడికి తెలిసినట్టు తెలియదు.

మహాలక్ష్మి పాత సొట్టపళ్లేలు కొన్ని పంపింది. వాటి మీద ఇంట్లో అక్షరాలు దిద్దాడు. మొదట్లో 'అ' కొడితే పురుగు పాకినట్టు వచ్చేది. కార్తీకం వచ్చేసరికి గుండ్రాలు కుదిరాయి. అప్పుడు మళ్లీ కొట్టుకు వెళ్లి, పట్టా కింద పీట వేసుకున్నాడు. డాక్టరు రోజుకు రెండు గంటలే అన్నాడు.

నాలుగో రోజు పదకొండింటికి ఆవిడ మజ్జిగ తెచ్చింది. ఎండ చుట్టు తిరిగి అతని మోకాళ్ల మీదికి వచ్చింది. ఎడంచేత్తో తాడు విప్పి పట్టా దించాడు. దించి, తాడు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అక్కగారూ, ఆ రోజు మజ్జిగ ఒలికిందా?"

ఆవిడ చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"గ్లాసు ఇటు పడింది" అన్నాడు, వేలు చూపించి. "ధార నా పనిపెట్టె కిందికి వచ్చింది. నేను పెట్టె పైకెత్తాను. ముందు పెట్టె ఎత్తానండీ. తర్వాత ఆయన్ని చూశాను."

మజ్జిగ ఒలికిన నేలను ఆ రోజు ఆవిడే కడిగింది. ఎవరికీ చెప్పలేదు. కొడుక్కి కూడా. అతను అప్పట్లోనూ ఆ మాట చెప్పలేదు. ముందు పెట్టె ఎత్తిన సంగతి అసలే చెప్పలేదు.

"తర్వాత?" అంది.

"తర్వాత లేదండీ. చూశానని తెలుస్తోంది. ముఖం రావడంలేదు."

"ఎండ మాట?"

"అది వినపడింది. మీరు చెప్పినట్టు కాదు. ఆయన గొంతులోనే."

ఆవిడ లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక ఖాళీ డబ్బా, పాత మడతల కాగితం తెచ్చింది. ఈసారి పీట మీద పెట్టి వెళ్లలేదు.

"ఆ రోజు నేను చదవలేదు నిస్సారూ. నోరు రాలేదు. ఇప్పుడు చదువుతాను, విను." కళ్లజోడు సర్దుకుంది. "కీర్తిశేషులు బ్రహ్మయ్యగారి జ్ఞాపకార్థం. భార్య మహాలక్ష్మి."

అతను తిరిగి చెప్పాలి. పద్ధతి అది.

"బ్రహ్మయ్యగారి జ్ఞాపకార్థం" అన్నాడు. "భార్య మహాలక్ష్మి."

ముందరి మాట అనలేదు. ఆవిడ గమనించింది, అడగలేదు. అతను కుడిచేత్తో మిషను పట్టుకుని, ఎడంచెయ్యి ఆసరా ఇచ్చి, ఆన్ చేశాడు. పూర్వం మూడు నిమిషాల పని. ఆ రోజు ముప్పావుగంట పట్టింది. 'హ్మ' కింద వత్తు కొంచెం పక్కకు పోయింది. తక్కినవన్నీ కుదిరాయి.

ఆవిడ డబ్బాను వెలుతురులోకి తిప్పి చూసింది. పేరు ముందు రెండక్షరాలంత మేర స్టీలు నున్నగా ఉంది.

"చోటు వదిలావే?"

"వదిలానండీ."

"ఎప్పుడు కొడతావు?"

"ముఖం వచ్చాక."

"సరే" అని ఆవిడ డబ్బాను గల్లాపెట్టె పక్కన పెట్టుకుంది.

గంపలగూడెం నుంచి, ఎ.కొండూరు నుంచి డబ్బాలు ఇంకా తిరిగి రావాల్సి ఉంది. కొట్లో ఉన్న ఒక్కదాని మీద పేరు పడింది. దాని ముందు 'కీ.శే.' ఇంకా కొట్టలేదు.